ఆరిందా అని మాత్రం అడగొద్దు

ఎండలకు పేరుపడిన కర్నూల్లో కూర్చుని, ఎండబెట్టే యంత్రాలు అమ్ముకుంటూ ముప్పై నాలుగేళ్ళు బతికాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒకసారి నా మొహం చూసి, ఒకసారి ఆకాశం చూస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో నేను కూడా అలాగే చూశాను. పెళ్ళిళ్ళలో బంధువులు జుట్టు ఆరబెట్టుకునే డ్రయరు పాడైందని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. నా డ్రయర్లు వేరు, ఒక్కోటి ఒక గదంత ఉంటుందని మొదట్లో వివరించేవాణ్ణి. వివరించడంకంటే బాగుచేసి ఇచ్చేయడమే తేలికని తరువాత తెలిసింది.

ఈమధ్య మా పాత కంపెనీలో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లు ఇంటికొచ్చారు. "డ్రయరుకు ఏ ఇంధనం మంచిది సార్?" అని అడిగారు. నేను రెండు గంటలు మాట్లాడాను. అంతా విని, దీనికి పట్టికేమైనా ఉందా సార్ అన్నారు. లేదన్నాను. పాపం, నిరాశపడ్డారు. పట్టిక బదులు ఇది రాస్తున్నాను.

ఎండతో పోటీ

డ్రయరంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గాలిని వేడి చేస్తాం, ఫ్యానుతో తడి సరుకు మీదికి తోస్తాం, తేమ పట్టిన గాలిని బయటికి పంపేస్తాం. ట్రేలు, ఫ్యాను, రేకు గది ఎవరైనా చేసిపెడతారు. మిగిలేది ఒకే ప్రశ్న. ఆ వేడి ఎక్కణ్ణుంచి రావాలి? కట్టె, పొట్టు, బొగ్గు, డీజిలు, గ్యాసు, కరెంటు, ఇప్పుడైతే సోలారు కూడా ఉంది. నా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మాకు అసలు పోటీదారు ఎండ. బిల్లు పంపదు, రిపేరుకు రాదు. అది ఉన్నన్నాళ్ళూ మా ఆఫీసు గడప తొక్కే రైతు ఉండడు. వాన పట్టుకుని కళ్ళంలో పంట నానుతున్నప్పుడే మేము గుర్తొస్తాం. ఇందులో ఒక తిరకాసు ఉంది. పంటను తడిపిన వానే కట్టెనూ తడుపుతుంది. వినడానికి చంటిపిల్లలకు చెప్పే మాటలా ఉంటుంది. ఇది నా బుర్రకెక్కడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆ చదువుకు నష్టపోయింది మాత్రం వేరేవాళ్ళు.

గోడౌన్లో ఏముంటే అది

మా ఓనరు ఓబుళరెడ్డి గారిది నంద్యాల వైపు భూములున్న కుటుంబం. వ్యవసాయం వదిలి వ్యాపారంలోకి వచ్చారు. ఇంధనాల విషయంలో ఆయనకు గట్టి సిద్ధాంతమే ఉండేది. ఆ ఏడు గోడౌన్లో ఏ బర్నర్లు మిగిలిపోతే అదే శ్రేష్ఠమైన ఇంధనం.

ఒక ఏడు ఎక్కడో బేరం తగిలి డీజిలు బర్నర్లు లారీనిండా దించుకున్నారు. ఆ ఏడు పసుపుకు డీజిలే మంచిది, మిరపకు డీజిలే మంచిది, వేరుశనగకు డీజిలు తప్ప ఇంకోటి పనికిరాదు. నేను లెక్కలు వేసి చూపిస్తే ఓపికగా వినేవారు. "లెక్క బాగుండాది సుబ్బయ్యా. దాంట్ల డీజిలని రాసుకో" అనేవారు.

ఆయన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. మనుషుల్ని కించపరిచేవారు కాదు. పనివాడి ఇంట్లో జబ్బు చేస్తే కారు పంపేవారు. మీకూ ఇలాంటి ఓనరే దొరుకుతాడు. ఆయన ఏది అమ్మమంటున్నాడో, అది ఎందుకు అమ్మమంటున్నాడో రెండూ తెలుసుకుని ఉండండి. రెండోది అడగక్కర్లేదు, గోడౌన్లోకి తొంగి చూస్తే చాలు.

రాయికి ముక్కు లేదు

నా మొదటి పెద్ద పని కడప వైపు ఒక ముగ్గురాయి మిల్లులో. తడి రాయిపొడిని ఆరబెట్టాలి. బొగ్గు పొయ్యి కట్టి, ఆ పొగనే నేరుగా పొడి మీదికి వదిలాం. బ్రహ్మాండంగా ఆరింది. రాయి ఏమీ అనలేదు. నాకు ఇక తెలియనిది లేదనిపించింది.

మరుసటేడు అదే పొయ్యి, అదే డ్రాయింగు ఒక మిరప రైతుకు పెట్టాను. కాయ చక్కగా ఆరింది, రంగు కూడా నిలిచింది. కొనడానికొచ్చిన వ్యాపారి ఒక కాయ తుంచి, వాసన చూసి, రైతు వైపు తిరిగాడు.

"ఏమప్పా, నీ మిరక్కాయలు బీడీలు తాగుతాయా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. రైతు నవ్వలేదు. ఆ సరుకు ఎవరూ ముట్టుకోలేదు. ఆ రైతు ఆ తరువాత నాతో మాట్లాడనే లేదు. బజార్లో ఎదురైతే నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

అప్పటినుంచి నోట్లోకి పోయే ఏ సరుకుకైనా గొట్టాల పొయ్యే పెట్టాను. మంట, పొగ ఇనప గొట్టాల లోపలే ఉంటాయి. పొగ చిమ్నీలోంచి పైకి పోతుంది. గొట్టాల బయట తగిలి వేడెక్కిన శుభ్రమైన గాలి ఒక్కటే సరుకు మీదికి వస్తుంది. కట్టె కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

కోసిగి వైపు

ఇక అసలు సంగతి. దీనికోసమే కలం పట్టుకున్నాను.

కోసిగి మండలంలో వాన ఒక ఏడు ఉంటే రెండేళ్ళు ఉండదు. పంటలయ్యాక ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. దాన్ని అక్కడ సుగ్గి అంటారు. మేస్త్రీ లారీ తెస్తాడు. ముసలివాళ్ళను వదిలి, పిల్లల్ని బడి మాన్పించి, గిన్నెలు మూటగట్టుకుని ఎక్కుతారు. మళ్ళీ ఉగాది ముందు దిగుతారు.

ఆ మండలంలోని ఒక ఊరినుంచి సలోమమ్మ అనే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటిన మనిషి. రెండెకరాల ఉల్లి, ఊరి చర్చిలో ఆడవాళ్ళ పొదుపు సంఘానికి పెద్ద. నలభై కుటుంబాలు కలిసి ఉల్లిగడ్డను ముక్కలుగా కోసి ఒరుగులు చేసి అమ్మాలని అనుకున్నారు. ఒరుగులు తీసుకునే కంపెనీని కూడా ఆమే మాట్లాడి పెట్టుకుంది. కావలసింది డ్రయరు.

"ఇంతకుముందు ఇట్లాంటి పని చేసినారామ్మా?" అన్నాను.

"ల్యా సారూ. కానీ చేస్తే ఊళ్ళోనే కూలి ఉంటాది. పదకొండేండ్ల సంది నేను క్రిస్మస్ మిరప చేన్లోనే చేస్తాండా. చర్చిలో పాస్టరు, నలుగురు ముసలోళ్ళు తప్ప ఎవురూ ఉండరు. ఆయప్ప ఖాళీ బెంచీలకు వాక్యం చెప్తాడు. ఈ ఏడన్నా ఊళ్ళో ఉండాలని."

ఆ పనిలో పణంగా ఉన్నది ఇదీ. ఒరుగులు కదిలితే ఊళ్ళో ఉంటారు, లేకపోతే లారీ ఎక్కుతారు. నా ఉద్యోగంలో ఇంత సూటిగా తన అవసరం చెప్పినవాళ్ళు లేరు. ఆమెను చూస్తే ఎలాగైనా ఈ పని గెలిపించాలనిపించింది.

ఇంధనం సంగతి చూశాను. కరెంటుతో వేడి చేద్దామంటే ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు ఫ్యాను తిప్పడమే గగనం. గ్యాసు బండి వాగు దాటి రావాలి, వాగు పొంగితే రాదు. వేరుశనగ పొట్టు ఆదోని మిల్లుల్లో దొరుకుతుంది గానీ, మనకు కావలసిన నెలలో వాళ్ళకూ కావాలి. డీజిలు గురించి ఓబుళరెడ్డి గారు రెండుసార్లు గుర్తు చేశారు. నేను గట్టిగా నిలబడి కంపకట్టె అన్నాను. కోసిగి చుట్టూ ఎటు చూసినా ముళ్ళ కంపచెట్లే. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, కొట్టుకుంటే అడిగేవాడు లేడు. నిప్పు కూడా బాగా నిలుస్తుంది. మా ఓనరు చెప్పింది కాకుండా నేననుకున్నది అమ్మడం అదే మొదటిసారి, కాలర్ ఎగరేసుకుంటూ తిరిగాను.

సలోమమ్మ నా కాగితాలన్నీ చూసి ఒక్క ప్రశ్న అడిగింది. "వాన పడితే కట్టె ఎట్ల సారూ?"

"టార్పాలిన్ కప్పండమ్మా" అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయి ఊరుకుంది. నేను కాగితం మీద టార్పాలిన్ అని రాసి, కింద గీత కూడా గీశాను.

నా లెక్కలో కట్టెకు ఎంత తేమ ఉంటుందని వేసుకున్నానంటే, పుస్తకంలో ఎంత ఉందో అంత. పుస్తకంలో కట్టె ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. అది రాసినాయన కోసిగి వచ్చి ఉండడు.

యేసేపు

పొయ్యి దగ్గరికి నమ్మకమైన మనిషి కావాలన్నాను. సలోమమ్మ తన మరిది యేసేపును చూపించింది. చర్చిలో వాక్యం చదివే మనిషి. మాట తక్కువ. చెప్పింది చెప్పినట్లు చేస్తాడని అందరూ అన్నారు. నాకు అలాంటివాడే కావాలన్నాను. ఆ మాట తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

రెండు రోజులు నేను దగ్గరుండి నడిపాను. అంతకుముందే కొట్టి ఆరబెట్టిన కట్టె ఉంది, మంట భగభగమంది. రెండు విడతల ఒరుగులు తెల్లగా, పెళపెళలాడుతూ దిగాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక ముక్క విరిచి చూసి నవ్వుకున్నారు. మూడో విడతకు గది నిండా ట్రేలు ఎక్కించి, తలుపులు వేయించి, నేను కడప వైపు ఇంకో పనికి పోయాను. ఆ సాయంత్రమే వాన మొదలైంది.

మరునాడు మధ్యాహ్నం ఫోను చేశాను. ఈ సంభాషణ మాట మాటకూ గుర్తుంది, ఎందుకంటే తరువాత యేసేపు దాన్ని పొల్లుపోకుండా నాకు తిరిగి వినిపించాడు.

"ఏం యేసేపూ, ఆరిందా?"

"ఆరింది సారూ."

"పూర్తిగా ఆరిందా?"

"పూర్తిగా ఆరింది. పొద్దున్నే ఆరింది."

"శాబాష్! నేను సాయంత్రం దాకా పడుతుందనుకున్నా."

అవతల వాన చప్పుడు వినిపించింది. తరువాత యేసేపు అడిగాడు, "మళ్ళా ముట్టించేదా సారూ?"

"వద్దు వద్దు, ఆరింది కదా! ఇంక ముట్టించొద్దు. గది తలుపులు కూడా తీయొద్దు, వానగాలి పోతాది. అట్లే ఉండనీ. నేను వచ్చి చూసుకుంటా."

"సరే సారూ."

"సలోమమ్మకు చెప్పు, సారు శానా సంతోషపడినాడని."

"చెప్తా సారూ" అన్నాడు. గొంతులో ఏదో సందేహం ఉన్నట్టుంది. నేను దాన్ని వినయం అనుకున్నాను.

వాగు పొంగి నేను రెండు రోజుల తరువాత గానీ చేరలేకపోయాను. బండి ఊళ్ళోకి మలుపు తిరగకముందే వాసన వచ్చింది. కుళ్ళిన ఉల్లి వాసన తెలియనివాళ్ళకు నేను చెప్పలేను. తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. షెడ్డు ముందు నలభైమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

తలుపు తీయించాను. కోసిన ముక్కలన్నీ బూజు పట్టి, నీరు కారి, ట్రేలకు అతుక్కుపోయాయి. పొయ్యిలో సగం కాలిన తడి కట్టె నల్లగా పడి ఉంది. యేసేపు ఒక మూల నిలబడి నావైపే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిప్పు ఎప్పుడో ఆరిపోతే చెప్పకుండా, సరుకు ఆరిందని నాకు పచ్చి అబద్ధం చెప్పాడనుకున్నాను. అతని మొహం చూడబుద్ధి కాలేదు. అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కాగితం

ఓనరుకు ఫోను చేసి చెప్పాను. "ఆపరేటరు నిర్లక్ష్యం అని రాయి సుబ్బయ్యా. ఆయప్ప సంతకం తీసుకో. వచ్చేయి" అన్నారు.

చర్చి అరుగు మీద కూర్చుని రాశాను. నాకు ఆ రాత బాగా వచ్చు. కోపంలో ఇంకా బాగా వస్తుంది. యేసేపును పిలిచి కాగితం ఇచ్చాను. అతను జేబులోంచి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళను చూసి చూసి, చదివేవాడు ఎదురైతే నాకు చిరాకేసింది. అతను చర్చిలో చదివినట్లే పైకి, నిదానంగా చదివాడు.

"'నిప్పు ఆరిపోయిన సంగతి ఆపరేటరు కంపెనీకి తెలియజేయలేదు.'"

కాగితం మీద వేలు పెట్టి తలెత్తాడు. "ఇది తప్పు సారూ. తెలియజేస్తి కదా."

"ఎప్పుడు తెలియజేస్తివి?"

"నువ్వు ఫోను చేసి ఆరిందా అని అడిగితివి. ఆరిందని చెప్తి. పూర్తిగా ఆరిందా అంటివి. పొద్దున్నే ఆరిందంటి. శాబాష్ అంటివి." అతను కాగితం మీది వేలు తీయలేదు. "మళ్ళా ముట్టించేదా అని కూడా అడిగితి. ముట్టించొద్దంటివి. నిప్పు ఆరితే సారు ఎందుకు సంతోషపడినాడో మాకు తెల్దు. మా వదినకు చెప్తే, పెద్ద ఇంజనీరు, ఏదో లెక్క ఉంటాదిలే అనింది."

నేను అడిగింది ఉల్లి గురించి. అతను విన్నది పొయ్యి గురించి. తెల్లారినప్పటినుంచీ తడి కట్టెతో కొట్లాడుతున్న మనిషి మనసులో పొయ్యి కాక ఇంకేముంటుంది? దీపం ఆరుతుంది, మంట ఆరుతుంది, బట్ట ఆరుతుంది, ఉల్లిగడ్డ ఆరుతుంది. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషలో, పద్దెనిమిదేళ్ళుగా రోజుకు యాభైసార్లు వాడుతున్న మాట అది. దానికి రెండర్థాలున్నాయని నాకు ఆ అరుగు మీద తట్టింది.

నవ్వొచ్చే సంగతే. ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. తిరిగి ముట్టించి ఉంటే సగం సరుకైనా దక్కేది. ముట్టించొద్దన్నది నేనే. పైగా ఆ మనిషిని దొంగను చేస్తూ నాలుగు పేరాలు రాసి, అతని చేతికే ఇచ్చాను.

కాగితం చించేశాను. ఇంకోటి రాశాను. డిజైను లోపం, తడి కట్టె సంగతి ఆలోచించలేదు, ఫోనులో మాట తప్పుగా అర్థం చేసుకుని ముట్టించవద్దని చెప్పింది నేనే అని రాసి, నేనే సంతకం పెట్టాను. యేసేపు అది కూడా పూర్తిగా చదివాడు. "ఇది సరిపోయింది సారూ" అన్నాడు.

తరువాత ఓబుళరెడ్డి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అటూ ఇటూ తిప్పి చూశారు. "దీన్ని ఏ ఫైల్లో పెట్టాలప్పా? మనకాడ ఇట్లాంటి ఫైలే ల్యాదే" అన్నారు. ఆయన నిజంగానే అడిగారు. చివరికి కొత్త ఫైలు తెరిచారు. నేను రిటైరయ్యే నాటికి అందులో నావి తొమ్మిది కాగితాలు ఉన్నాయి. మిగతా ఇంజనీర్లందరివీ కలిపి ఒకటి. మిగతావాళ్ళు తప్పులు చేయలేదని కాదు.

పొయ్యికి పక్క

ఆ రోజు చర్చి అరుగు మీదే సలోమమ్మను అడిగాను, ఏం చేద్దామని. ఉద్యోగంలో చేరాక డ్రయరు కొన్నవాళ్ళను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"మేస్త్రీ పది దినాల్లో లారీ తెస్తాడంట" అంది. "ఆ లోపల ఒక లోడు ఒరుగులు కదిలితే మేము పోము. ల్యాకుంటే పోతాం. నిన్ను అనేదేమీ ల్యా సారూ, మా కడుపులు అట్లాటివి."

"కట్టె తడిసిపోతాంది కదమ్మా. షెడ్డు పెద్దది కట్టినా వానగాలికి చెమ్మ పడుతుంది. నేను డీజిలు అడుగుతా మా ఓనరును."

"నీ డీజిలు వాగు దాటి రావల్ల కదా." ఆమె నావైపు వింతగా చూసింది. "మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఎప్పుడూ చూడలేదా సారూ?"

"మా అమ్మ దాని మీదే వండేది."

"వానాకాలం కట్టెలు యాడ పెట్టేది?"

మా అమ్మ రేపటి కట్టెలు ఈరోజు పొయ్యి పక్కన నిలబెట్టేది. అన్నం ఉడికే వేడికి అవి ఆరేవి. పొద్దున లేచేసరికి ఫెళఫెళమనేవి. నేను ఆ కట్టెల పక్కన కూర్చునే ఎక్కాలు చదువుకున్నాను.

"మేమంతా అట్లే చేస్తాం. నీ పొయ్యి చుట్టూ తిరిగి చూస్తి సారూ, కట్టె ఆనించే చోటు ల్యా. నీ పొయ్యికి పక్క యాడుండాది?"

నా పొయ్యికి పక్క లేదు. వేడి వృథా పోకూడదని చుట్టూ మందంగా మట్టి ఇటుక కట్టించి, చిమ్నీని నేరుగా ఆకాశంలోకి పంపాను. పుస్తకం ప్రకారం అది చాలా గొప్ప పొయ్యి. ఈ ప్రశ్న ఆమె మా ఆఫీసులోనే అడగబోయి ఊరుకుందని అప్పుడు అర్థమైంది. నా టార్పాలిన్ ఆమె నోరు మూసింది.

వాగు కాస్త తగ్గిన పూట చూసి ఓబుళరెడ్డి గారు ఇద్దరు వెల్డర్లను, ఇనుమును పంపారు. గోడౌన్లో డీజిలు బర్నర్లు ఇంకా ఉన్నాయని కూడా కబురు పంపారు. బేతంచెర్లలో తెలిసిన పాలిషింగ్ ఫ్యాక్టరీ నుంచి విరిగిన బండలు ఒక లారీ తెప్పించాను. పొయ్యి బయటి ఇటుక ఒక వైపు ఊడగొట్టాం. అక్కడ బండలతో అరలు కట్టి, పైన కప్పు వేశాం. చిమ్నీని నేరుగా పైకి పోనివ్వకుండా ఆ అరల వెనకనుంచి తిప్పాం. పొగతో పాటు బయటికి పోయే వేడంతా ఇప్పుడు కట్టెకు తగులుతుంది. మూడు రోజుల కట్టె అందులో పడుతుంది. ముందు కొట్టింది ముందు, వెనక కొట్టింది వెనక. ఎంత సేపు ఉంచాలో నేను లెక్కవేస్తుంటే, యేసేపు రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చెప్పేవాడు. ఆరిన కట్టె చప్పుడు వేరు.

వాన వారమంతా పట్టింది. పొయ్యి ఒక్కసారి కూడా ఆరలేదు. తొమ్మిదో రోజు ఒరుగుల లోడు వాగు దాటింది.

పదో రోజు మేస్త్రీ లారీ వచ్చింది. అందరూ ఊళ్ళోనే ఉండిపోయారని రాయాలని ఉంది. కానీ పదకొండు కుటుంబాలు ఎక్కాయి. కుళ్ళిన సరుకు చూసిన రోజే వాళ్ళు మేస్త్రీకి మాటిచ్చేశారు, మాట తప్పరు. లారీ మీదినుంచి ఒక పాప డ్రయరు షెడ్డు వైపే చూస్తూ పోయింది. ఆ పదకొండు ఇళ్ళకు తాళాలు వేయించింది నేనే.

తలుపు ఎత్తు

క్రిస్మస్‌కు సలోమమ్మ రమ్మంది. పొద్దున్నే బయల్దేరి పోయాను. చర్చిలో చోటు లేక బయట కూడా చాపలు పరిచారు. పాస్టరు ముసలాయన అన్ని మొహాలను ఒక్కసారి చూసి తడబడి, మొదటి మాట రెండుసార్లు చెప్పాడు. సలోమమ్మ ముందు వరసలో కొత్త చీరలో కూర్చుంది. నన్ను చూసి తల ఊపింది.

యేసేపు మాత్రం కనబడలేదు. వాక్యం చదవాల్సిన మనిషి. వెతుక్కుంటూ షెడ్డుకు పోతే పొయ్యి ముందు ఉన్నాడు, కొత్త చొక్కా విప్పి కొయ్యకు తగిలించి.

"ఇదేంది, పండగ పూట?"

"ట్రేలు ఎక్కించినాం కదా సారూ. పొయ్యిని ఇడిసి ఎట్ల పోయేది?"

మేము రాసే పట్టికల్లో కట్టెకు ఇంత, డీజిలుకు ఇంత అని ఉంటుంది. పొయ్యి దగ్గర ఒక మనిషి పండగకు కూడా ఉండిపోవాలని ఏ గడిలోనూ ఉండదు. నేను కోరి తెచ్చిన కంపకట్టె ఊళ్ళో మిగిలినవాళ్ళందరికీ క్రిస్మస్ ఇచ్చి ఇతనికి ఒక్కడికీ లేకుండా చేసింది.

"నువ్వు పో. నేను చూస్తా" అన్నాను.

"నువ్వా సారూ?"

"దీన్ని గీసింది నేనే కదా."

అతను ఒప్పుకోలేదు. చొక్కా చేతికిచ్చి తోశాను. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి చూశాడు, నన్ను కాదు, పొయ్యిని.

పద్దెనిమిదేళ్ళలో ఎన్నో పొయ్యిలు గీశాను గానీ, ఒక పూట పూర్తిగా ఒక్క పొయ్యికీ కట్టె వేసి ఎరగను. పని ఏముంది, అరలోంచి కట్టె తీయాలి, వంగాలి, తలుపు తీయాలి, లోపలికి తోయాలి, మూయాలి. మొదటి పదిసార్లు బాగానే ఉంది. కంప ముల్లు ఒకటి అరచేతిలో దిగింది. ఇరవయ్యోసారికి నడుము పట్టేసింది. తలుపు నా మోకాలికి కాస్త పైన ఉంది. పూర్తిగా వంగితే మంట మొహానికి కొడుతుంది, వంగకపోతే కట్టె లోపలికి పోదు. చర్చిలోంచి యేసేపు గొంతు వినిపించింది, నిదానంగా చదువుతున్నాడు. ఆ తరువాత అందరూ కలిసి పాట ఎత్తుకున్నారు.

ఆ తలుపు ఎత్తు ఎందుకంత ఉందో ఆలోచించాను. ఉద్యోగంలో చేరినప్పుడు నాకిచ్చిన పాత డ్రాయింగులో అంతే ఉంది. నేను దాన్నే ఎత్తి రాసుకుంటూ వచ్చాను. కర్నూలు, కడప రెండు జిల్లాల్లో నేను పెట్టిన ప్రతి కట్టెల పొయ్యికీ తలుపు అక్కడే ఉంది. ప్రతి పొయ్యి ముందూ ఎవరో ఒకరు ఇలాగే వంగుతున్నారు. నాకు చాలా సిగ్గేసింది.

యేసేపు పళ్ళెంలో పలావు పట్టుకుని వచ్చాడు. నడుము పట్టుకుని లేస్తున్న నన్ను చూసి, "ఆరిందా సారూ?" అన్నాడు. మొహంలో నవ్వు లేదు గానీ, కళ్ళల్లో ఉంది.

"గడ్డ ఆరింది. పొయ్యి ఆరలేదు" అన్నాను, ఒక్కో మాటా విడదీసి.

"అట్ల చెప్పల్ల."

పళ్ళెం తీసుకుని బండ మీద కూర్చున్నాను. అరచేతిలో ముల్లు ఇంకా ఉంది. "యేసేపూ, ఈ తలుపు ఇంత కిందికి ఉంది, నడుము పోతాంది. ఇన్ని దినాలూ ఒక్క మాట చెప్పలేదేం?"

అతను పొయ్యి ముందు వంగి, కట్టె లోపలికి తోసి, తలుపు మూసి, నిదానంగా నిటారుగా నిలబడ్డాడు.

"నువ్వెప్పుడూ ఆరిందా అనే అడిగితివి సారూ."